మెట్ల వంతెన ఒప్పందం

"ఈ భూమ్మీద పరిష్కారం కాని వివాదమంటూ లేదు! ఉన్నదల్లా శిక్షణ లేని మనుషులే!"

ఈ మాట మావారు బూట్ల లేసులు కట్టుకుంటూ సెలవిచ్చారు. ఆరోజు నుంచి మూడు రోజులపాటు 'ఒప్పందాల నిర్వహణ, వివాదాల పరిష్కారం' అనే వృత్తి శిక్షణకు ఆయన వెళ్లాలి. ఆఫీసులో ఆయన కాంట్రాక్టుల విభాగం అధికారి. కాంట్రాక్టర్ల ఉత్తరాలకు జవాబులు రాయడం, ఆ జవాబులకు వచ్చిన జవాబులకు మళ్లీ జవాబులు రాయడం ఆయన ఉద్యోగం.

ఆయన ఎక్కడ కూర్చుని సెలవిచ్చారో కూడా చెప్పాలి. మా మేడమెట్ల మీద. పద్దెనిమిది మెట్లు, ఒక పక్క గోడ, ఇంకో పక్క ఉత్త గాలి. తుప్పుపట్టిన పాత రెయిలింగును నాలుగు నెలల క్రితం పీకించారు. కొత్తది ఎటు పెట్టాలనే దగ్గర పేచీ వచ్చింది. మేడ మీద మేము, కింద మా మరిది.

"గాలివైపు పెడితే మెట్ల వెడల్పు తగ్గుతుంది. రేపు మా బీరువా ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది? గోడకే పెట్టాలి" అని మావారు.

"ఆ గోడ మా పడగ్గదిది. ఒక్క చిల్లు పడనివ్వను" అని మరిది.

అంతే, అన్నదమ్ములకు మాటలు బందయ్యాయి. బీరువా పదేళ్లుగా పైనే ఉంది. దిగే ఉద్దేశం దానికి లేదు. దిగాలని ఉన్నది మా దగ్గరుండే అత్తగారికి. ఆవిడ చెల్లెలు పక్క వీధిలోనే మంచం పట్టి ఉంది. నాలుగు నెలలుగా అక్కాచెల్లెళ్లు ఫోన్లో కేకలేసుకోవడమే. ఇద్దరికీ సరిగా వినపడదు.

"ఒరేయ్, దాన్ని ఒక్కసారి చూసొస్తానురా" అని ఆవిడ అడిగినప్పుడల్లా, "విషయం పరిశీలనలో ఉందమ్మా" అని మావారి జవాబు.

శిక్షణకు వచ్చేవాళ్లు తలా ఒక నిజమైన వివాదాన్ని రెండు పేజీల్లో రాసి తేవాలట. ముందురోజు ఆ పని నాకు తగిలించారు.

"నీకు డిగ్రీ ఉందిగా, ఏదో ఒకటి టైపు కొట్టిపెట్టు."

"నాకేం తెలుసండీ వివాదాల గురించి?"

"ఏదో ఒకటి కల్పించు. ఎవడు చదవొచ్చాడు!"

ఎవరూ చదవరన్న భరోసాతో నేను ఉన్నదే రాశాను. మెట్లను 'పాదచారుల వంతెన' చేశాను. మావారు 'ఎగువ విభాగం', మరిది 'దిగువ విభాగం', బీరువా 'భారీ యంత్రసామగ్రి', అత్తగారు 'తుది వినియోగదారు'. మావారు ఒక్క అక్షరం చూడకుండా కవర్లో పెట్టుకుని వెళ్లారు. మొదటిరోజు మొదటి పాఠం, 'ఏ కాగితమైనా చదివి తీసుకోవాలి' అనిట!

మర్నాడు బట్టలు ఆరేస్తుంటే కింది నుంచి నా తోడికోడలు పిలిచింది.

"అక్కా, తెలుసా? మా ఆయనా అక్కడే! కంపెనీవాళ్లు పంపారట. హాజరు పట్టీ ఇంటిపేర్ల వరసలో రాశారు, ఇద్దరిదీ ఒకే బల్ల!"

"మాట్లాడుకుంటున్నారా?"

"ఎక్కడ! మంచినీళ్ల సీసా ఇటు జరపమని కూడా వెనక బల్లవాళ్ల చేత చెప్పిస్తున్నారట."

మూడోరోజు సాయంత్రం మావారు షీల్డుతో దిగారు.

"ప్రథమ బహుమతి! మొత్తం తరగతిలో మా జట్టుకే!"

"జట్టులో ఎవరెవరండీ?"

"నేనూ... ఇంకొకతను."

శిక్షకుడు అన్ని కేసుల్లోకీ చిన్నదని నాదే ఎంచుకున్నాడట. ఒక బల్లవాళ్లు ఒక జట్టు; చీటీలో తమకు వచ్చిన పక్షాన్ని కాక అవతలి పక్షాన్ని వాదించాలని నియమం. మార్కులుంటాయి కనక ఇద్దరూ నోరు విప్పక తప్పలేదు. సొంత మెట్లను సొంతదార్లే పోల్చుకోలేకపోయారంటే, ఆఫీసు భాష మహిమ అంతా ఇంతానా!

"నేను దిగువ విభాగం తరఫున దిగాను. ఆ ఎగువ విభాగం ఎంత మొండిదనుకున్నావ్! ఎప్పుడూ కదలని యంత్రం కోసం మనుషుల దారి ఆపేస్తారా? బుద్ధుండక్కర్లా?"

"నిజమేనండీ, ఉండాలి."

"నలభై నిమిషాల్లో తేల్చేశాం. రెయిలింగును అంచుకు బయటివైపు బిగిస్తే సరి. వెడల్పు తగ్గదు, గోడ జోలికి పోనక్కర్లేదు. ఇంతదానికి నాలుగు నెలలు కొట్టుకున్నారట, వెధవలు!"

నేను భర్తను ఎదిరించే మనిషిని కాను. అదీ నిజమే అన్నాను.

షీల్డుతోపాటు రెండు సంతకాలున్న ఒప్పందమూ వచ్చింది. మర్నాడు ఆదివారం. పొద్దున్నే దాన్ని తోడికోడలికి అందించాను. ఆమె వెల్డింగు మేస్త్రికి చూపించింది.

"రెండు సంతకాలూ ఉన్నాయా అమ్మా? కిందటిసారి ఒకాయన పైనుంచీ ఒకాయన కిందనుంచీ తరిమారు" అని అతను రెండుసార్లు చూసుకుని మరీ డ్రిల్లు తీశాడు.

ఆ మోతకు పై తలుపూ కింది తలుపూ ఒకేసారి తెరుచుకున్నాయి.

"ఎవరు రమ్మన్నారయ్యా నిన్ను?" అని పైనుంచి మావారు.

"మీ ఒప్పందమే సార్" అని మేస్త్రి కాగితం పైకీ కిందికీ చూపించాడు.

మావారు దాన్ని తొలిసారిగా చదివారు. మొహం ఎర్రబడింది. "అది శిక్షణ! ఉత్త అభ్యాసం! నిజ జీవితానికి వర్తించదు!"

"అంతే వదినా! అది వంతెన, ఇవి మెట్లు!" అని కింద నుంచి మరిది.

నాలుగు నెలల్లో, తరగతి బయట, అన్నదమ్ములు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు!

ఈలోగా అత్తగారు చెప్పులు వేసుకుని, చేతిసంచీతో గడపలోకి వచ్చేశారు.

"సంతకాలు మీవేనట్రా?"

"మావేనమ్మా, కానీ..."

"కానీ ఏవిట్రా కానీ! ఏమయ్యా మేస్త్రీ, నువ్వు కానీ."

మధ్యాహ్నానికి రెయిలింగు నిలబడింది. అత్తగారు దాన్ని పట్టుకుని పద్దెనిమిది మెట్లూ దిగి, పక్క వీధికెళ్లి, చెల్లెలి చెయ్యి పట్టుకుని గంటసేపు ఎదురెదురుగా కేకలేసుకుని వచ్చారు.

శిక్షణ వర్తించదన్న మావారు ఆ సాయంత్రమే శిక్షణ సంస్థకు ఉత్తరం రాశారు. 'మీ బోధనను మా ఇంట్లోనే అమలుచేసి చూపాము' అని. వారంలో ఆహ్వానం వచ్చింది. 'ముఖాముఖి చర్చతో ఇంటి వివాదాన్ని పరిష్కరించుకున్న ఆదర్శ సోదరులు' తరవాతి తరగతికి ఉపన్యాసం ఇవ్వాలట.

ముందురోజు మావారు నన్ను పిలిచారు.

"ముఖాముఖి మాట్లాడుకోవడం ఎంత అవసరమో మొదట వాడు చెప్పాలి, తరవాత నేను అందుకుంటాను. కిందికెళ్లి వాడితో ఆ మాట చెప్పిరా."

రెయిలింగు పట్టుకుని దిగుతున్నాను. సగం మెట్ల దగ్గర, పైకి వస్తూ తోడికోడలు ఎదురైంది.

"అక్కా, మొదట బావగారే మాట్లాడాలట!"