ఓబులేష్ మౌనవ్రతం

సోమవారం పొద్దున ఓబులేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆ వారమంతా రోజూ మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడకూడదు, అంతే. కంబదూరుకు దగ్గర్లో ఉన్న ఆ ఊళ్లో, రోడ్డు పక్కన ఒగ్గాని, మిరపకాయ బజ్జీల హోటల్ అతనిది. ఏళ్ల తరబడి బొరుగులకు తిరగమోత వేసీ వేసీ విసుగెత్తి, మోటార్ల వైండింగ్ పనికి మారాలని మనసు పడ్డాడు. వానలు లేక చేలు ఎండుతున్నా, వోల్టేజీ చాలక మోటార్లు మాత్రం రోజూ ఎక్కడో ఒకచోట కాలుతూనే ఉన్నాయి. కల్యాణదుర్గంలో వైండింగ్ షాపు ఉన్న జయరాజు అతనికి అడపాదడపా పని నేర్పించి, చివరికి తేల్చి చెప్పాడు. "కాలిన మోటారొకటి నువ్వే ఒంటిగా చుట్టి చూపీప్పా. శనివారం లోపలైతే పనికి పెట్టుకుంటా. లేకుంటే బళ్ళారి పిల్లోడొకడు కాచుకోనుండాడు."

చుట్టడం చేతనవును. తీరికే లేదు. రాగి తీగ చుట్లు లెక్కపెట్టుకుంటూ చుట్టాలి. నడుమ ఎవరైనా పలకరిస్తే లెక్క గోవిందా, మళ్లీ మొదటి నుంచి. హోటలన్నాక పలకరించని వాళ్లెవరు? అందుకే, "ఎవరన్నా అడిగితే మౌనవ్రతమని చెప్పు" అని భార్య జయంతికి అప్పగించి, పాత మోటారు తీసుకుని తడిక వెనక్కి పోయాడు.

మొదటి బేరం సోమప్ప. ఊరి సంగతులన్నీ తన నోటి మీదుగానే పోవాలనుకునే పెద్దమనిషి.

"ఓబులేషు యాడ పోయినాడమ్మా?"

"మౌనవ్రతంలో ఉండాడు మామా."

"దేనికి?"

జయంతి చేతిలో జల్లిగరిటె, ముందు మరిగే నూనె. "దేనికో ఆయప్పనే అడుగు పో."

మౌనవ్రతంలో ఉన్నవాణ్ణి ఎట్లా అడగడం? సోమప్ప తానే ఆలోచించాడు. శ్రావణం వచ్చినా చినుకు లేదు, వేసిన వేరుశనగ మొలకలోనే మాడుతోంది. ఇట్లాంటప్పుడు మనిషి నోరు కట్టుకుంటే ఇంకెందుకు? "వాన కోసరమే! మనందరి కోసరం నోరు కట్టుకున్యాడప్పా, మహానుభావుడు!" అని వీధి వీధికీ చెప్పాడు.

మంగళవారానికి తడిక ముందు జనం. నల్లమ్మవ్వ లోపలికొచ్చి రాగి తీగకు పసుపు కుంకుమ పెట్టింది. ఓబులేష్ పొమ్మని రెండు చేతులూ విసిరితే, దీవించాడనుకుని మొక్కింది. పోనీ నోరు తెరిచి చెప్పేద్దామనుకుంటే, అప్పుడే సోమప్ప బయట గట్టిగా ప్రకటించాడు. "వ్రతం చెడితే ఈ ఏడు వాన లేనట్టే!" ఆ పాపం ఎవరు మోస్తారు? చచ్చినట్టు నోరు మూసుకున్నాడు.

వానకోసం కప్పను రోకలికి కట్టి ఇంటింటా తిప్పుతూ బిందెలతో నీళ్లు పోయడం ఆ ఊరి ఆచారం. ఆ కరువులో కప్ప దొరకలేదు, ఓబులేష్ దొరికాడు. బుధవారం పొద్దుటి నుంచీ ఊరి మంచినీళ్ల ట్యాంకు మోటారును విడవకుండా తిప్పి బిందెలన్నీ నింపుకుని ఆడవాళ్లు వచ్చేశారు. గంగక్క మొదటి బిందె ఎత్తగానే ఓబులేష్ మోటారును కడుపు కింద దాచుకుని బోర్లా పడ్డాడు. ఏం లాభం? నీళ్లన్నీ సందుల్లోంచి అందులోకే దిగాయి. మూడు రోజుల కష్టం కళ్ల ముందు తడిసి ముద్దయింది.

"అయ్యో, నా మోటారు! మీ వాన పాడుగాను!"

అందరూ బిత్తరపోయారు. "వ్రతం చెడగొట్టినావు కదప్పా!" అని సోమప్ప మీదికొచ్చాడు.

"ఏం వ్రతం? ఎవరు చెప్పినారు నీకు? నాకు కొత్త పని దొరికేదుండె, దాన్ని ముంచితిరి కదప్పా!" ఓబులేష్ నిజంగానే ఏడ్చేశాడు.

ఇంకాసేపుంటే నాలుగు తగిలించేవాళ్లే. అంతలో ట్యాంకు మోటారు చూసుకునే తిప్పేష్ రొప్పుతూ వచ్చాడు. "మోటారు కాలిపాయె! లో వోల్టేజీలో అంతసేపు తిప్పితే ఏమైతుంది? జయరాజన్నకు ఫోన్ చేస్తే వారమైతుందంటాండాడు!"

తాగే నీళ్లు లేవన్నమాట. జనం మొదట ఖాళీ బిందెల వైపు చూశారు, తర్వాత ఓబులేష్ వైపు. సోమప్ప గొంతు తగ్గించాడు. "ఓబులేషా, నువ్వు చుడతావా నాయనా?"

"చుడతా. ఒక్కరన్నా నోరు తెరిస్తే లేచిపోతా."

గురువారమంతా ఊరు ఊరే హోటల్ ముందు నోరు మూసుకుని కూర్చుంది. నల్లమ్మవ్వ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఏ పిల్ల ఏడ్చినా ఎత్తుకుని చేల దాకా పరిగెత్తారు. రోడ్డు మీద బస్సు కండక్టరు విజిలేస్తే పదిమంది పిడికిళ్లు చూపించారు. శుక్రవారం ఎండకు వార్నిషు ఆరింది. శనివారం పొద్దున ట్యాంకులోకి నీళ్లెక్కాయి. ఆ సంగతి విని వచ్చిన జయరాజు నడిచే మోటారు దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. "సోమవారం పనికి రాప్పా" అన్నాడు. ఓబులేష్‌కు ఒళ్లంతా తేలికైపోయింది.

సోమవారం బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం దిగులు మొదలైంది. "నేను లేకుంటే హోటలెట్ల నడుస్తాదే?"

"దానికేం దిగులు? నువ్వు నోరు మూసుకున్యాక బజ్జీలు తొమ్మిదికే అయిపోతాండాయి" అంది జయంతి. "తీరిక లేదు తీరిక లేదని మొత్తుకుంటివి. వచ్చినోళ్లు తిని పోదామంటే ముచ్చట్లు పెట్టి కూర్చోబెట్టుకునేది నువ్వే కదప్పా."

దానికి ఓబులేష్ చెప్పవలసింది చాలా ఉంది కానీ, బస్సు వచ్చేసింది.