థైరాయిడ్ నిలబెట్టిన పరువు

అయ్యలారా, అమ్మలారా! యానాంలో పుట్టిన ప్రతి మగవాడికీ జీవితంలో ఒక్కసారైనా థైరాయిడ్ మందగించాలని నేను మనసారా కోరుకుంటున్నాను. శాపనార్థాలు పెడుతున్నానని పొరబడకండి. దీవిస్తున్నాను!

నవ్వకండి. నేను గాలి కబుర్లు చెప్పేవాణ్ణి కాను. ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు తిరగేస్తున్న గుమాస్తాని. ఆధారం లేనిదే ఒక్క ముక్క రాయను. ఈ విషయంలో నా ఆధారం నా పొట్ట. తొంభై నాలుగు కిలోల మనిషిలో దాని వాటా ఎంతో నేను వేరే చెప్పక్కర్లేదు, మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

మా ఊరి సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. చుట్టూ ఆంధ్రా, మధ్యలో మేము. మాది పాండిచ్చేరి ప్రభుత్వం కాబట్టి ఇక్కడ బ్రాందీ చవక. వంతెన దాటి వచ్చే చుట్టాలు 'ఎలా ఉన్నారు' అని అడగడానికి ముందే 'షాపు ఎటువైపు' అని అడుగుతారు. యానాం మగవాడంటే పొద్దున్నే బ్రాందీతో పుక్కిలిస్తాడని చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి గట్టి నమ్మకం. నేనా? నలభై ఎనిమిదేళ్లొచ్చాయి. దగ్గు సిరప్పు తప్ప మరో చుక్క ఎరగను.

అలాంటి నాకు కిందటేడు మొహం ఉబ్బింది. కళ్ల కింద సంచులు వేలాడాయి. గొంతు బొంగురుపోయింది. ఎవరైనా పేరు అడిగితే, కాస్త ఆలోచించి చెబుతున్నట్టు చెప్పేవాణ్ణి. పదకొండింటికల్లా ఫైలు మీద తల వాలిపోయేది. పొట్ట సంగతి సరేసరి. ఇవన్నీ ఒక్క మనిషిలో చూసిన యానాం ఏమనుకుంటుందో మీకు వేరే చెప్పాలా?

చూశారా మహిమ! పైసా ఖర్చు లేదు, నోట్లో చుక్క పడలేదు, నాకు తాగుబోతు హోదా వచ్చేసింది!

ఆ హోదాకి దక్కే మర్యాదలు ఇన్నీ అన్నీ కావు. పక్క కుర్చీలో కూర్చునే మరియదాసు ఇరవై ఏళ్లలో నా ఫైలు ఒక్కటి ముట్టుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు నేను కునుకు తీస్తుంటే వచ్చి, నా చేతి కింద నుంచి మెల్లగా ఫైలు లాగేవాడు. "పడుకోండి గురువుగారూ, నేను చూత్తానులెండి. ఆయ్, ఎవరి బాధలు ఆళ్ళకుంటాయి" అనేవాడు. ఎంత గౌరవం! ఎంత కరుణ!

అయితే నాకు ఒంట్లో ఏదో తేడా అనిపించి, బ్యాంకు పనని ఇంట్లో చెప్పి కాకినాడ వెళ్లాను. డాక్టరుగారు రక్తం పరీక్ష కాగితం చూసి, "థైరాయిడ్ బాగా మందగించిందండి" అన్నారు.

"అది ఆడవాళ్ల జబ్బు కదండీ?" అన్నాను, అవమానం దిగమింగుకుంటూ.

"మెడ ఉన్న ప్రతివాళ్లకీ వస్తుందండి" అన్నారాయన. పొద్దున్నే పరగడుపున మాత్ర, దానితో మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు, తరవాత గంటదాకా కాఫీ కూడా ముట్టుకోవద్దు, తిండి చూసుకోండి, నడవండి, బరువు నిదానంగా దిగుతుంది, కంగారు పడకండి అన్నారు. ఎంత తేలికో!

తేలిక కాదని మర్నాడే తెలిసింది. "మా స్నేహితుడొకాయనకి థైరాయిడ్ అటోయ్" అని మరియదాసు దగ్గర ఊరికే ఒక మాట వేసి చూశాను. వాడు తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. "మగోడికి థైరాయిడేటండి బాబూ! రేపు ఆయనకి నెల తప్పిందని కూడా చెప్తారేటండి!" అని కుర్చీ చేతులు కొట్టుకుంటూ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ స్నేహితుడి మీద నాకెంత జాలి వేసిందో ఆ దేవుడికే తెలుసు.

ఇప్పుడు మీరే తీర్పు చెప్పండి. తాగుబోతు అనిపించుకుంటే మగవాడు మగవాడిగానే ఉంటాడు. థైరాయిడ్ రోగి అనిపించుకుంటే? పరువున్నవాడు ఏది ఎంచుకుంటాడు? నేను అదే ఎంచుకున్నాను. మాత్రల సీసా బీరువాలో పాలసీ కాగితాల వెనక దాచాను. రోజూ ఐదింటికి లేచి, బీరువా తలుపు చాటున నిలబడి, అటూ ఇటూ చూసి, మాత్ర నోట్లో వేసుకుని, పడుకునేముందు మా ఆవిడ మంచం పక్కన పెట్టే చెంబులోని నీళ్లు తల పైకెత్తి గటగటా తాగేవాణ్ణి.

మా ఆవిడ అన్నపూర్ణ ఒకరోజు సూటిగా అడిగింది. "ఏవండీ, ఒంట్లో బాగోలేదా? లేపోతే తాగుతున్నారా?"

నేను తల దించుకున్నాను. అబద్ధం ఆడలేదు, గమనించండి! తల మాత్రమే దించాను. మిగతాది ఆవిడే పూరించుకుంది.

ఆ తరవాత మాకు మాటలు తగ్గాయి. 'అన్నం', 'కరెంటు బిల్లు', 'గ్యాస్' అన్న మూడు మాటల మీద కాపురం నడిచింది. మండపేట దగ్గర నుంచి మా అత్తగారు చిట్టెమ్మగారు దిగారు. దసరాలోగా అల్లుడు మానకపోతే పిల్లని తీసుకుపోతానని వంటింట్లో, నాకు వినపడేలాగే, శపథం పట్టారు. మంచం కింద అన్నపూర్ణ బట్టల సంచి సర్ది ఉంది. జిప్పు కూడా వేసి ఉంది. ఆ సంచి అక్కడే ఉందా అని రోజుకి నాలుగుసార్లు వంగి చూసుకునేవాణ్ణి. అయినా నోరు విప్పలేదు. ఇరవై మూడేళ్ల కాపురం ఒక పక్క, మరియదాసు నవ్వు ఒక పక్క. ఏం చెయ్యమంటారు?

ఈలోగా బరువు తగ్గే యజ్ఞం మొదలుపెట్టాను. అన్నం ఒక్క ముద్దకి దించాను. కాజా కనిపిస్తే కళ్లు మూసుకున్నాను. పులస సీజన్లో, నమ్ముతారా, పక్కింటి పులుసు వాసన పీల్చి జొన్నరొట్టె నమిలాను! ఇక నడక. పొద్దున్నే మా వీధి నుంచి గోదావరి గట్టుదాకా. ఆ దారిలో బ్రాందీ షాపు ఒకటుంది, అది నా తప్పా? ఎదురొచ్చిన ప్రతివాడూ ఆగి, ఎంతో ఆప్యాయంగా చెప్పేవాడు. "ఇంకా తియ్యలేదండి. ఇంత పొద్దున్నే తియ్యరండి ఆళ్ళు!" వెనక్కి వస్తుంటే మళ్లీ అదే మాట. నా ఆరోగ్యం మీద ఒక ఊరు ఊరంతా ఇంత శ్రద్ధ పెట్టడం మీరెక్కడైనా చూశారా?

మూడు నెలల తరవాత మందుల షాపు ముందున్న మిషను ఎక్కాను. తొంభై అయిదున్నర. మొదలుపెట్టినప్పటికంటే కిలోన్నర ఎక్కువ!

మళ్లీ కాకినాడ. మళ్లీ బ్యాంకు పనే. డాక్టరుగారు కొత్త కాగితం, పాత కాగితం పక్కపక్కన పెట్టి తల గోక్కున్నారు. "మాత్ర ఒంటికి పట్టినట్టే లేదు. దేంతో వేసుకుంటున్నారు?"

"మంచినీళ్లతోనేనండీ."

"ఆ మాత్రకి తోడు పనికిరాదండి. ఇంకేమీ కలవట్లేదు కదా?"

ఏం కలుస్తుంది? నీళ్లు ఈమధ్య కాస్త చేదుగా, అడుగున నలుసులతో ఉంటున్న మాట నిజమే. గోదారికి వరదొచ్చింది, ఎర్రనీళ్లు, రుచి మారదా మరి? అనుకున్నాను. అందరూ అలాగే తాగుతున్నారు కదా అనుకున్నాను.

ఆ రాత్రి తొమ్మిదింటికి మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్లాను. అక్కడ దృశ్యం ఇది. అన్నపూర్ణ నా చెంబు పట్టుకుని ఉంది. అత్తగారు కాగితం పొట్లం విప్పి, బూడిద రంగు పొడి చెంచాతో అందులో వేసి, కళ్లు మూసుకుని దండం పెడుతున్నారు.

"ఏమిటది?" అని అరిచాను. ఏడాది తరవాత నా గొంతు మొదటిసారి ఖంగుమంది.

అత్తగారు బెదరలేదు. "తాగుడు మానిపించే పొడి బాబూ. మా ఊళ్ళో ఒకాయనిత్తాడు. మూడ్నెల్ల నించీ కలుపుతున్నాం. ఎంత మొండి తాగుడైనా మానేత్తారంట, మీరే మాన్లేదు!" అని నా మీదే తప్పు వేశారు. "మా పిల్ల చూడండి, సగమైపోయింది. తెల్లారకుండానే బీరువా చాటున నిలబడి గొంతులో పోసుకుంటుంటే ఆడకూతురు ఎలా చూత్తాదండి?"

"నా దగ్గర వాసన ఎప్పుడైనా వచ్చిందా అత్తయ్యగారూ?"

"ఖరీదైంది వాసన రాదంట బాబూ."

ఇంక లాభం లేదనుకున్నాను. బీరువా దగ్గరికి వెళ్లి, పాలసీ కాగితాల వెనక నుంచి మాత్రల సీసా తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టాను. "నాకు థైరాయిడ్" అన్నాను. హత్య చేశానని ఒప్పుకోవడం ఇంతకంటే తేలిక.

అన్నపూర్ణ సీసా తీసి చదివింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెయ్యి చాచి, ఉప్పు జాడీ పక్క నుంచి మరో సీసా తీసి, నా సీసా పక్కన పెట్టింది. అదే కంపెనీ. అదే చీటీ.

"మీ మాత్ర వంద పవరు. నాది డెబ్బై అయిదు" అంది. "నాలుగేళ్లయ్యిందండి."

"నాలుగేళ్లా! నాకు చెప్పలేదేం?"

"చెప్పేనండి. రిపోర్టు తెచ్చి మీ చేతికిచ్చేను. మీరు టీవీలో మాచ్ చూత్తన్నారు. 'ఆడవాళ్లన్నాక ఇవన్నీ ఉంటాయిలే, అన్నం తగ్గించి కాస్త నడు, అదే పోతుంది' అన్నారు."

నాకు గుర్తు లేదు. అందుకే అది నిజమని తెలిసిపోయింది.

అయ్యలారా, నేను బీరువాలో ఏదో దాచానని ఆవిడ వారం తిరక్కుండానే పసిగట్టింది. ఆవిడ ఉప్పు పక్కన, బల్బు కింద, నా కళ్ల ముందు పెట్టుకున్నదాన్ని నేను నాలుగేళ్లు చూడలేదు. ఆ ఉప్పు జాడీ నేను ముట్టుకోని రోజు లేదు. రోజూ పొద్దున్నే నాకు కాఫీ ఇచ్చి తను తాగకుండా గంటసేపు తిరిగే మనిషిని, నువ్వు తాగవేం అని ఒక్కసారి అడగలేదు.

"మొదట్లో నాకొచ్చినట్టే ఉబ్బుతున్నారేటా అనుకున్నానండి" అంది అన్నపూర్ణ. "అందుకే ఒంట్లో బాగోలేదా అని అడిగేను. మీరు తల దించేసుకున్నారు." అప్పుడు మాత్రం ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. నేను మళ్లీ తల దించుకున్నాను. ఈసారి పూరించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆవిడ సగమైపోయిందని అత్తగారు అన్నారే, అది దుఃఖం వల్ల కాదట. ఏడు కిలోలు తగ్గిందట. ఎలాగే అని అడిగాను. "ఏవుందండి, మాత్ర ఏళకి ఏసుకున్నాను. తిండి చూసుకున్నాను. నిస్సత్తువగా ఉన్నా నడిచేను. ఓ నెల తగ్గేది, ఓ నెల ఎక్కేది. నాలుగేళ్లు పట్టింది" అంది. నేను కాకినాడలో ఫీజు కట్టి విన్న మాటలే. ఇంట్లో ఉచితంగా దొరికేవి!

మంచం కింద సంచి జిప్పు విప్పారు. పొడి తులసికోట దగ్గర పారబోశారు. ఇక్కడితో కథ సుఖాంతం కావాలి కదా? కానీ మా అత్తగారికి సంతోషం ఆగలేదు. "మా అల్లుడు తాగడు! థైరాయిడంట!" అని మర్నాడు మధ్యాహ్నానికల్లా వీధంతా చాటేశారు.

నా పరువు పోయిందనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

ఆదివారం జనం పరామర్శకి వచ్చారు. మరియదాసు యాపిల్స్ తెచ్చాడు. పక్కింటి తెరేసా బత్తాయిలు తెచ్చింది. ఎవరో కొబ్బరిబొండాల గెల దింపారు. నవ్విన నోళ్లన్నీ చప్పరించాయి. "పాపం, మగమనిషికి ఎంత కష్టమొచ్చిందండి! ఆఫీసు చేసుకుంటా ఎలా తట్టుకున్నారండి బాబూ!" అని మరియదాసు కళ్లు తుడుచుకున్నాడు. నేను రెండు దిళ్లు ఎత్తు పెట్టుకుని మంచం మీద పడుకుని, నీరసంగా చెయ్యి ఊపాను. అలా ఊపాలనిపించింది.

"మా ఆవిడకీ ఉందోయ్, నాలుగేళ్లుగా" అన్నాను, న్యాయం కోసం.

"ఆడోళ్ళకి అది మామూలేగండి" అన్నాడు మరియదాసు, కాఫీ అందుకుంటూ. తెరేసా అన్నపూర్ణ వైపు తిరిగి, "ఆయన్ని జాగర్తగా చూసుకోవాలి అక్కా, అసలే సుకుమారం మనిషి" అంది. గదిలో అందరూ తల ఊపారు. నిజం చెప్పొద్దూ, నేనూ ఊపాను.

కాబట్టి మహాజనులారా, నా మొదటి మాట మీద నిలబడుతున్నాను. థైరాయిడ్ వరమే! అయితే అది మగవాడికి రావాలి. మగవాడికి వస్తే జబ్బు, ఆడదానికి వస్తే బద్ధకం. మగవాడికి వస్తే బత్తాయిలు, ఆడదానికి వస్తే సలహాలు.

అందరూ వెళ్లాక అన్నపూర్ణ ఖాళీ కాఫీ గ్లాసులన్నీ ట్రేలో పేర్చుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. పదకొండు గ్లాసులు.

"ఏవండీ, థైరాయిడ్ ఉన్నోళ్ళు గ్లాసులు కడక్కూడదని డాక్టరుగారేవైనా చెప్పేరేటండి?"

"లేదే, అలాంటిదేమీ చెప్పలేదు."

"నాకూ చెప్పలేదండి" అని ట్రే నా పొట్ట మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, బత్తాయి ఒలుచుకుంది.