చెంబెడు సల్ల

ఆ ఆదివారం పొద్దున నిర్మలాదేవి పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు సరళ బట్టలు ట్రంకుపెట్టెలో సర్దాలి. మర్నాటి బస్సుకు పిల్లను కరీంనగర్‌లోని తన చెల్లెలింటికి పంపి, అక్కడి బడిలో చేర్పించాలని ఆమె వారం కిందటే తేల్చేసింది. చదువు కోసమని అందరికీ చెప్పింది గానీ అసలు కారణం సాలెవాడలోని నర్మద. పదిహేనేళ్ల సరళా, పదిహేనేళ్ల నర్మదా ఒకరి జడ ఒకరు అల్లుకుంటారు. ఒకరి ఎంగిలి ఒకరు తింటారు. ఒకరికి జ్వరమొస్తే రెండోది బడి ఎగ్గొడుతుంది. ఇంత జోడీ ఏ ఇంటికీ మంచిది కాదని నిర్మలాదేవి నమ్మకం.

ఆ నమ్మకానికి శనివారం మధ్యాహ్నమే రుజువు దొరికింది. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు వెనక కొత్తగా వేసిన డేరా టాకీసుకు, పక్కింటి కమలవ్వను వెంటబెట్టుకుని వెళ్లి ‘జోడు నాగులు’ చూసొచ్చింది. అందులో ఇద్దరు బడిపిల్లలు. ప్రాణానికి ప్రాణం. తమను విడదీయబోయిన మేనత్తకు మజ్జిగలో విషం కలిపి ఇచ్చి, ఆమె గిలగిలా కొట్టుకుంటుంటే చేతులు పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వుకు కమలవ్వ కళ్లు మూసుకుంది. నిర్మలాదేవి మూసుకోలేదు. రెండు చేతులా బెంచీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ మేనత్త తానే అయినట్టు చివరిదాకా చూసింది. పెళ్లయిన తర్వాత ఆమెకు అంత మజా రావడం అదే మొదటిసారి.

లంగాలు మడతపెడుతుంటే వెనక కొట్టంలోంచి గుసగుసలు వినబడ్డాయి. నిర్మలాదేవి గోడకు చెవి ఆనించింది.

"గా ముసల్దాని పని ఇయ్యాల్నే అయిపోవాలె. రేపటిసంది మన చేతికి దొరకది" అంటోంది సరళ.

"నడుమ తాడు గట్టిగ కట్టాలెనే. లేకుంటే అంత ఆగమైతది" అంది నర్మద.

"నీళ్లు సలసల కాగాల్నా?"

"మరి? కట్టెతోని లోపటికి ఒత్తాలె. పైకి తేలుతది."

"ఎవ్వలన్న సూస్తే?"

"సూసేటాల్లకు ఎర్రగై ఉంటది గదా!"

ఇద్దరూ కిలకిలా నవ్వారు. అదే నవ్వు! నిర్మలాదేవి గోడకు ఆనించిన చెవి లాగేసుకుంది. తనకింకా ముప్పై ఎనిమిదే. చంపితే చంపనీ, ముసల్దంటారా?

ఇంకా తేరుకోకముందే సరళ లోపలికి వచ్చింది. చేతిలో చెంబు, పైన మూత. "అవ్వా, సల్ల చేసిన. చల్లగుంది, తాగు. నేను నర్మదోళ్లింటికి పోయొస్త" అని చెంబు కిటికీలో పెట్టి పరుగెత్తింది.

పుట్టి బుద్ధెరిగి కవ్వం ముట్టని పిల్ల మజ్జిగ చేసింది! నిర్మలాదేవి చెంబు వైపు పామును చూసినట్టు చూసి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, ఒక్క ఉరుకున కమలవ్వ ఇంట్లో పడింది. "వదినా, నన్ను తాడుకట్టి ఉడకబెడ్తరట! ముందుగాల సల్ల తాపుతరట!" కమలవ్వ ఒత్తుతున్న రొట్టెను అలాగే పీట మీద వదిలేసి లేచింది. ఆ చెంబును సాక్ష్యంగా దాచాలని ఇద్దరూ కలిసి వచ్చేసరికి కిటికీలో చెంబు ఉంది. అందులో సల్ల లేదు.

నిర్మలాదేవి భర్త సుదర్శన్‌రావు అప్పుడే చేను నుంచి వచ్చి, గటగటా తాగేసి, అలవాటు ప్రకారం మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. గొంతులోంచి పెద్ద చప్పుడొస్తోంది.

"ఆయన ఎప్పుడు గిట్లనే గురక పెడ్తడు..." అని నిర్మలాదేవి అనబోయింది.

"గురక గాదు! సినిమల ఆమెకు సుత గిట్లనే గొంతు గురగురలాడింది!" అని కమలవ్వ కేక పెట్టింది.

ఆ కేకకు వాడకట్టు వాడకట్టే వచ్చిపడింది. ఎవరో ఉప్పు, చింతపండు పిసికిన నీళ్లు తెచ్చారు. ఇంకెవరో మిల్లు దవాఖానా కంపౌండరు అంబదాస్‌ను సైకిల్ మీద పట్టుకొచ్చారు. ఈలోగా సుదర్శన్‌రావుకు మెలకువ వచ్చింది. "ఏందే ఇది? నాకేం గాలే! ఇడువుండ్రి!" అని లేవబోయాడు.

"అరే దేవా! విషం తలకెక్కిన మనిషి గిట్లనే బాగున్న అంటడు" అన్నాడు అంబదాస్. "కాళ్లు పట్టుండ్రి!"

నలుగురు కాళ్లు పట్టారు. ఇద్దరు చేతులు పట్టారు. నిర్మలాదేవి ఏడుస్తూనే ముక్కు మూసింది. చింతపండు నీళ్ల వెనక ఆముదం, ఆముదం వెనక సబ్బునీళ్లు లోపలికి పోయాయి. పావుగంటలో ఆరోగ్యవంతుడైన సుదర్శన్‌రావు నిజంగానే గిలగిలా కొట్టుకున్నాడు. "సూసిండ్రా? ఇప్పుడు బయటపడ్డది విషం!" అని అంబదాస్ చెమట తుడుచుకున్నాడు.

ఇక ఆగేదెవరు? ముందు నిర్మలాదేవి, వెనక కమలవ్వ, ఆ వెనక సైకిల్ మీద అంబదాస్, అతని వెనక యాభై మంది సాలెవాడకు ఉరికారు. నర్మద వాళ్ల పెరట్లో పెద్ద డేగిసా కాగుతోంది. పిల్లలిద్దరూ అందులోకి కట్టెతో ఏదో ఒత్తుతున్నారు. మోచేతుల దాకా నాలుగు చేతులూ ఎర్రగా ఉన్నాయి.

"ఇంకెవ్వల్నో సుత సంపిండ్రు!" అని కమలవ్వ అక్కడే కూలబడింది.

"ఏమైందవ్వా?" అని సరళ బెదిరిపోయి, కట్టెకు చిక్కుకున్నదాన్ని పైకి లాగింది. అది చీర. నడుమనడుమ తాడుకట్టి ముడులు వేసిన చీర. తాడు విప్పేకొద్దీ కుంకుమ రంగు మీద తెల్లని పూలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"నీ పుట్టింటి చీరనే అవ్వా. వెలిసిపోయింది, ముసల్దయిందని నువ్వే గద మూలకు పడేసినవు. నీకు చెప్పకుండ రంగేసి, పోయేముందు ఇద్దామనుకున్నం" అంది సరళ.

యాభై మందీ నేల చూపులు చూశారు. అంబదాస్ సైకిలెక్కి వెళ్లిపోయాడు. నిర్మలాదేవికి సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పిల్లలిద్దరినీ, ఎర్రచేతులతో సహా, గుండెకు హత్తుకుంది. "పాపిష్టిదాన్ని! మిమ్ముల ఇడగొట్టాలని సూసిన. బిడ్డా, నిన్ను యాడికీ పంప. కరీంనగర్ లేదు, ఏం లేదు. ఇద్దరూ ఈడనే కలిసి ఉండుండ్రి!"

పిల్లల మొహాలు మాడిపోయాయి. సరళ భోరుమని ఏడ్చింది.

అప్పుడు నర్మద తండ్రి సిద్దిరాములు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. "దొరసానీ, జర ఆలోచించుండ్రి. నాకు కరీంనగర్ల పని కుదిరింది. ఇల్లు సుత మాట్లాడిన. రేపటి బస్సుకే మేమందరం పోతున్నం. నర్మద సరళమ్మను ఇడిసి ఎట్ల ఉంటదో అని పరేషానైతుంటిమి. మీరు సరళమ్మను ఆడికే పంపుతున్నరని తెలిసి దేవుడే మీ రూపంల వచ్చిండనుకున్నం."

"గందుకే గదవ్వా నీకు సల్లా, చీరా!" అంది సరళ వెక్కుతూ. "మమ్ముల కలిపింది నువ్వే గదా!"

ఇంతలో సుదర్శన్‌రావు గొంగడి కప్పుకుని, గోడ పట్టుకుంటూ వచ్చాడు. "పంపు" అన్నాడు నీరసంగా. "ఇద్దర్నీ పంపు. కమలవ్వను సుత పంపు."

సోమవారం నిర్మలాదేవి ఆ చీర కట్టుకునే బస్టాండుకు వెళ్లింది. ఒకే కిటికీలోంచి రెండు తలలు బయటపెట్టి పిల్లలు చేతులూపుతుంటే, బస్సు మలుపు తిరిగేదాకా ఏడుస్తూ నవ్వుతూ నిలబడింది. మొదటి ఉతుకులోనే ఆ చీర రంగు సుదర్శన్‌రావు తెల్ల పంచెలన్నిటికీ పట్టింది. ఆయన మాత్రం ఎవరినీ అనుమానించలేదు.