గుర్రాలవాళ్ల సంఘం, ఉప్పు గాడిద

ఒక పెద్ద అడవిలో గుర్రాలున్నవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం సమావేశానికి గుర్రమెక్కి వచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇందులో వాళ్లని తప్పు పట్టడానికేమీ లేదు. ఆ అడవిలో దారులు అలాంటివి. ఎండాకాలం రాళ్లు తేలి ఉంటాయి. వానాకాలం మోకాలి లోతు బురద. రాళ్లూ బురదా లేనిచోట చెట్ల వేళ్లు అడ్డంగా పడి ఉంటాయి. అంత మంచి గుర్రాన్ని అలాంటి దారిలో దింపితే కాలు మడతపడుతుంది, ఒంటికి దుమ్ము పడుతుంది. అందుకని గుర్రాన్ని కొట్టంలో కట్టేసి, మీద దుప్పటి కప్పి, ఉలవలు పెట్టి, మాలిష్ చేసి, వీళ్లు మాత్రం రోజువారీ పనులకి ఇంకేదో జంతువు మీద తిరిగేవాళ్లు. బాగా పరిగెత్తుతుందని గుర్రాన్ని కొన్నారు. బాగా పరిగెత్తుతుంది కాబట్టే కదలనివ్వలేదు.

ఆ సంఘానికి కార్యదర్శి శేషభూషణం అనే నక్క. ఆయన గుర్రం పేరు మెరుపు. ఎర్రటి ఒళ్లు, నుదుటి మీద తెల్లటి చుక్క. దాన్ని ఆయన నిజంగానే ప్రేమించాడు.

సాయంత్రం కొట్టంలోకి వెళ్లి, దుప్పటి తీసి, గుర్రమెక్కి, కళ్లెం పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కట్టేసిన గుర్రం కట్టేసినట్టే ఉండేది. ఈయన మాత్రం కాస్త ముందుకు వంగేవాడు. మనసులో మలుపొచ్చినప్పుడు పక్కకి ఒరిగేవాడు. ఒకసారి ఆయన భార్య నరసమాంబ పచ్చిగడ్డి తీసుకొచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎంతవరకు వెళ్లారండీ?" అని అడిగింది.

శేషభూషణం కళ్లు తెరిచి, కాస్త సిగ్గుపడి, "ఏటి దాకా" అన్నాడు.

ఆయన కోరికంతా అదే. తన గుమ్మం నుంచి ఏటి ఒడ్డు దాకా ఒక చదునైన దారి పడాలి. ఆ దారి మీద ఒక్కసారి మెరుపుని దాని ఇష్టానికి వదిలిపెట్టాలి. చెవుల్లో గాలి హోరెత్తాలి. దేవుణ్ణి అడిగే కోరికైతే ఏదో పూజ చేసి అడిగేవాడే. ఇది ప్రభుత్వాన్ని అడగాల్సిన కోరిక. అదీ చిక్కు.

సంఘం సమావేశాలు వారానికోసారి ఒక నల్లరాతి పరుపు మీద జరిగేవి. మొదట్లో అందరూ గుర్రాల గురించే మాట్లాడుకున్నారు. ఎవరి గుర్రం ఎంత దూరం దూకుతుందో, ఎంత వేగంగా పోతుందో చెప్పుకున్నారు. ఏ గుర్రమూ కొట్టం దాటి రాలేదు కాబట్టి ఎవరు చెప్పిందీ అబద్ధమని తేలలేదు. గెలుపూ ఓటమీ లేని పోటీ ఎన్నాళ్లు నడుస్తుంది? విసుగొచ్చి, ఒకనాడు మాట వాళ్లు రోజూ ఎక్కి తిరిగే జంతువుల మీదికి మళ్లింది.

దుంపల వ్యాపారం చేసే వరహాలప్ప అనే అడవిపంది అందుకు కారణం. ఆయన ఆరోజు ఒళ్లంతా బురదతో ఆలస్యంగా వచ్చాడు.

"ఏం చెయ్యమంటారు," అన్నాడు. "మాది దున్నపోతు. నీళ్లు కనిపిస్తే పడుకుంటుంది. అది లేచేదాకా నేనూ అందులోనే కూర్చుంటాను."

అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. అంత గుర్రం పెట్టుకుని కూడా ఎంత నిరాడంబరం అనుకున్నారు. గుర్రం లేనివాడు దున్నపోతునెక్కితే అది దున్నపోతే. గుర్రమున్నవాడు ఎక్కితే అది నిరాడంబరం.

తేనె కాంట్రాక్టరు భల్లంరాజు ఎలుగుబంటి. మెప్పు వరహాలప్పకి పోవడం ఆయనకి నచ్చలేదు. తన కంచరగాడిదకి తోక మీద ఒక్క వెంట్రుకా లేదనీ, పాపం ఈగల్ని తోలుకోలేదనీ, దారి పొడుగునా దాని ఈగల్ని తనే తోలుతూ వస్తాననీ చెప్పాడు. సభ ఇంకాస్త గట్టిగా మెచ్చుకుంది. తర్వాత ఆయన శేషభూషణం గాడిద వైపు తిరిగాడు.

అది పడుచు గాడిద. మెళ్లో గంట కట్టుకుని, శుభ్రంగా, నిగనిగలాడుతూ నిలబడి ఉంది.

"బావా," అన్నాడు భల్లంరాజు, "నూనె రాస్తావా ఏంటి దీనికి? చూస్తే గుర్రం లేనివాడి గాడిదలా ఉంది."

అందరూ నవ్వారు. శేషభూషణమూ నవ్వాడు. ఇంటికి వెళ్లేదాకా ఆ నవ్వు ఆయన మొహం మీద అలాగే అతుక్కుని ఉంది.

ఆ వారంలోనే మృగరాజు దగ్గర్నుంచి కాకి చాటింపు తెచ్చింది. అడవిలో దారులు బాగుచేయిస్తారట. ఏనుగులు సిద్ధంగా ఉన్నాయి, ఏటి ఒడ్డున గులకరాళ్లు కుప్పలు పోసి ఉన్నాయి. దారుల అధికారిగా ఒకరిని వెయ్యాలి. ప్రయాణాల సంగతి తెలిసినవాళ్లు గుర్రాలవాళ్లే కాబట్టి ఆ సంఘంలోంచే ఎన్నుకుంటారు. మొదటి దారి ఎక్కణ్ణించి ఎక్కడికన్నది ఆ అధికారే నిర్ణయిస్తాడు.

చివరి మాట విన్నాక శేషభూషణానికి అన్నం సయించలేదు. కాకి వెళ్తూ వెళ్తూ ఇంకో ముక్క కూడా చెప్పింది. రాజుగారికి ఆడంబరం గిట్టదట. మొన్న నెమలి పింఛం విప్పుకుని దర్బారుకొస్తే, ముడుచుకుని రమ్మని గుమ్మంలోంచే వెనక్కి పంపేశారట.

నరసమాంబ సలహా ఒకటే. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గుర్రం ఉంది, దారి లేదు, దారి కావాలి అని."

"అలా అడిగితే స్వార్థం అనుకుంటారే."

"స్వార్థమేగా."

"అందుకే అడగకూడదు," అన్నాడు శేషభూషణం.

మర్నాడు తన గాడిదని తోలుకుని సూరమ్మ ఇంటికి వెళ్లాడు. సూరమ్మ ముళ్లపంది. ఇంటింటికీ తిరిగి ఉప్పు అమ్ముకుంటుంది. ఆమె గాడిద ముసలిది. కుంటుతుంది, ఒక చెవి సగమే ఉంది. ఈ గాడిద తీసుకుని ఆ గాడిద ఇమ్మని అడిగితే సూరమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. ఇందులో ఏదో మోసం ఉందనుకుంది. ఎంత ఆలోచించినా మోసం ఎటువైపుందో ఆమెకి అంతుపట్టలేదు.

"మీరు తిరగేసి అడుగుతున్నారేమో చూసుకోండి బాబూ," అంది. "ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తున్నాను. ఇది పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ ఉప్పు మోసింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతుంది. ఇంటావిడ బయటికొచ్చి మాట్లాడితే గానీ కదలదు. కొట్టినా అంతే."

శేషభూషణం ఆ సగం చెవి వైపే మురిపెంగా చూస్తున్నాడు. మంచిదే మంచిదే అని తాడు అందుకున్నాడు.

దర్బారు రోజు పొద్దున్నే ఆ గాడిదెక్కి బయల్దేరాడు. మొదటి మలుపులో కుందేలమ్మ ఇంటి ముందు అది ఆగింది. అదిలించాడు, బతిమాలాడు. అది ఉన్న చెవిని గుమ్మం వైపు తిప్పి నిలబడింది. కుందేలమ్మ ఉప్పు కోసం చిప్ప పట్టుకుని బయటికొచ్చి, నక్కని చూసి చిప్ప వెనక్కి దాచుకుంది. ఏదో ఒకటి మాట్లాడకపోతే కదలదని గుర్తొచ్చి శేషభూషణం బాగున్నారా అని అడిగాడు. అడిగినవాడు దొరికాక ఆవిడ ఊరుకుంటుందా? వాకిట్లో తేలిన వేరు గురించీ, దానికి తట్టుకుని తన చిన్నపిల్ల కాలు బెణకడం గురించీ మొత్తం చెప్పింది. ఆ తర్వాత తాబేలు ఇల్లు, ఆ తర్వాత ఉడుముల వాడ. ప్రతి గుమ్మంలోనూ దారి గురించే గోడు. శేషభూషణం తలూపుతూ, ఎండ చూసుకుంటూ, చెమటలు కక్కుకుంటూ దర్బారు చేరేసరికి మిగతావాళ్లంతా వచ్చేసి ఉన్నారు.

వరహాలప్ప దున్నపోతుకి అదనంగా బురద పూసుకొచ్చాడు. భల్లంరాజు కంచరగాడిదకి బూడిద రాశాడు. శేషభూషణం గాడిదని చూడగానే ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. ఆ సగం చెవికి వాళ్ల దగ్గర జవాబు లేదు.

మృగరాజు ముసలి సింహం. నెమ్మదస్తుడు. ఎవరేం చెప్పినా నమ్మే స్వభావం ఆయనది. రాజుల్లో అది చాలా అరుదు, చాలా ప్రమాదం కూడా.

"చెప్పండి," అన్నాడు. "రోజూ ఎలా తిరుగుతున్నారు? ఇబ్బందులేమిటి?"

వరహాలప్ప ముందుకొచ్చి, ఇబ్బందన్న మాటే తనకి కొత్తగా ఉందన్నాడు. బురదలో ఉన్న చల్లదనం ఏ మేడలోనూ ఉండదనీ, దారి మధ్యలో కూర్చుంటే మనసు ఎంతో నిదానిస్తుందనీ చెప్పాడు. భల్లంరాజు రాళ్లని పొగిడాడు. రాళ్లుంటేనే నెమ్మదిగా పోతాం, నెమ్మదిగా పోతేనే తేనె ఒలకదు అన్నాడు. సింహం ఇద్దరి మాటలూ శ్రద్ధగా విన్నాడు.

శేషభూషణం వంతు వచ్చింది. దారి కావాలన్న మాట గొంతు దాకా వచ్చి ఉంది. కానీ అంతమంది ముందు, ఆ ఇద్దరి తర్వాత, దారి అడిగితే తనొక్కడే సుఖాలు మరిగినవాడిగా కనిపిస్తాడు. ముందు పదవి రానీ, దారి సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాడు.

"ప్రభూ, వీళ్లిద్దరూ ఇంకా దారి గురించే ఆలోచిస్తున్నారు," అన్నాడు. "నాకా ధ్యాసే లేదు. నా గాడిద ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతుంది. ఇంటివాళ్ల కష్టసుఖాలు అడుగుతాను, వాళ్లు చెప్పిందంతా వింటాను, అప్పుడు గానీ కదలను. చదునైన దారి ఉంటే నాకీ భాగ్యం ఉండేదా?"

సింహం కళ్లు చెమర్చాయి.

"మరి నీకు గుర్రం ఉందన్నారే?"

మెరుపు నుదుటి మీది తెల్లచుక్క శేషభూషణం కళ్లముందు మెదిలింది. ఎలాగో నవ్వాడు.

"గుర్రమా ప్రభూ? ఇంట్లో ఉన్నట్టుంది. మా ఆవిడ చెబితే గుర్తొస్తుంది."

మృగరాజు గడ్డం నిమురుకున్నాడు.

"నేను పొరబడ్డాను," అన్నాడు. "దారులు బాగాలేక మీరంతా బాధపడుతున్నారనుకున్నాను. ఇంత సంతోషంగా ఉన్నవాళ్ల సుఖాన్ని చెడగొట్టే పాపం నాకెందుకు? ఏనుగుల్ని మా కొలను తవ్వకానికి పంపండి. గులకరాళ్లు దాని గట్టుకి పనికొస్తాయి. ఇక గుర్రాలంటారా, గుర్తే లేని జంతువుకి ఉలవలు పెట్టి మేపడం మీకు దండగ. ఏటి ఒడ్డున సరిహద్దు కాసే తోడేళ్లు గుర్రాలు కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాయి. ఇవాళే తోలుకుపొమ్మంటాను."

వరహాలప్ప ఏదో అనబోయి, తన ఒంటి మీది బురద చూసుకుని ఆగిపోయాడు. భల్లంరాజు కంచరగాడిద మీద వాలిన ఈగని తోలాడు.

"దారుల అధికారి పదవి మాత్రం శేషభూషణానిదే," అన్నాడు సింహం. "ప్రతి గుమ్మం దగ్గరా ఆగి వినే అధికారి ఇన్నేళ్లలో నాకు దొరకలేదు. రోజూ అడవంతా తిరుగు. అందరి గోడూ విను."

"ప్రభూ," అన్నాడు శేషభూషణం, "దారులే వెయ్యనప్పుడు దారుల అధికారి..."

"దారులుంటేనే అధికారి ఉండాలా?" అని అడిగాడు సింహం. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఆ ప్రశ్నతోనే సభ ముగిసింది.

శేషభూషణం గాడిదెక్కి, కాళ్లతో పొడుస్తూ ఇంటికి బయల్దేరాడు. తోడేళ్ల కంటే ముందు చేరితే మెరుపుని ఎక్కడైనా దాచవచ్చు. గాడిద ఉడుముల వాడలో ప్రతి కన్నం దగ్గరా ఆగింది. తాబేలు ఇంటి ముందు ఆగింది. తాబేలు బయటికి రావడానికే బోలెడు సేపు పట్టింది. కుందేలమ్మ ఇంటి ముందు ఆగింది. ఆవిడకి అప్పటికే కబురు తెలిసిపోయింది. అధికారిగారూ అంటూ ఎదురొచ్చి, వేరు గురించి మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టింది.

అప్పుడు గిట్టల చప్పుడు వినిపించింది.

మెరుపు వస్తోంది. దుప్పటి లేదు. పైన ఒక తోడేలు కూర్చుని ఉంది, కళ్లెం వదులుగా పట్టుకుని. రాళ్ల మీద దాని కాలు మడతపడలేదు. బురద వస్తే చీల్చుకుంటూ వచ్చింది. కుందేలమ్మ వాకిట్లో తేలిన వేరుని చూసి, గాల్లోకి లేచి, అవతల దిగి, ఏటి వైపు సాగిపోయింది. ఆ దారి దానికి ఎప్పుడూ అడ్డు కాదని శేషభూషణానికి అప్పుడు తెలిసింది. దాన్ని ఆయన ఒక్కసారి కూడా అడిగి చూడలేదు.

"ఎవరిదో గానీ మంచి గుర్రం," అంది కుందేలమ్మ.

శేషభూషణం కదలని గాడిద మీద కాస్త ముందుకు వంగాడు. దూరంగా గుర్రం మలుపు తిరుగుతుంటే, తనూ పక్కకి ఒరిగాడు.

ఇల్లు చేరేసరికి నరసమాంబ కొట్టం గుమ్మంలో దుప్పటి మడతపెడుతూ కనిపించింది. ఆవిడ కోప్పడలేదు. గాడిద ఆ గుమ్మం ముందు కూడా ఆగి, ఇంటావిడ మాట కోసం ఎదురుచూసింది.

"ఎంతవరకు వెళ్లిందండీ?" అని అడిగింది నరసమాంబ.

"ఏటి దాకా," అన్నాడు శేషభూషణం.

గుర్రాలవాళ్ల సంఘం ఇప్పటికీ ఆ నల్లరాతి పరుపు మీద కూడుతూనే ఉంది. పేరు మార్చలేదు. ఎవరికీ గుర్రం లేదు కాబట్టి మళ్లీ గుర్రాల గురించే మాట్లాడుకుంటున్నారు. అధికారిగారు మాత్రం దారిలో గుమ్మాలన్నీ పూర్తిచేసుకుని, సభ అయిపోయాక వస్తారు.

ఇందులో నీతి ఏమిటని అడగకుండా మీరు లేవరు కాబట్టి చెబుతున్నాను: గొప్పలు చెప్పుకోక తప్పకపోతే గుర్రం గురించే చెప్పుకోండి, ఎవరూ నమ్మరు, గాడిద గురించి చెప్పుకుంటే నమ్మేస్తారు.