ఫెర్న్ మొక్కపై హత్యాయత్నం

"ఈ ఊళ్లో నేరాలు తగ్గడానికి కారణం పోలీసులు కాదు, నేను," అని ప్రకటించాడు మా బావ. అప్పుడు ఆయన నోట్లో మూడు గుండుసూదులు, చేతిలో ఎవరిదో ప్యాంటు ఉన్నాయి.

మా బావ దర్జీ. డిటెక్టివ్ అన్నది తనకు తాను ఇచ్చుకున్న పదవి. పక్కనే నా కళ్లజోళ్ల దుకాణం. మా అక్కను ఆయనకు ఇచ్చిన పాపానికి నేను ఆయన అసిస్టెంటునయ్యాను. నా దుకాణంలోని భూతద్దం కూడా ఆయన జేబులోకి బదిలీ అయింది.

కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చిన రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ గారు ఈ ప్రకటన విన్నారు.

"అయితే మా ఇంటికి రండి. రెండు నెలలుగా అక్కడ ఒక ప్రాణాన్ని కొద్దికొద్దిగా తీస్తున్నారు," అన్నారామె మెల్లగా.

ఉలిక్కిపడ్డ బావ నోట్లో రెండు సూదులే మిగిలాయి. మూడోది చొక్కా కాలరులో దొరికేదాకా మాకు ఊపిరాడలేదు.

ఆ ప్రాణం ఆమె ఇంటి హాల్లో స్టూలు మీద ఉంది. కుండీలో ఫెర్న్ మొక్క. ఒకప్పుడు నేలదాకా జాలువారే పచ్చటి ఆకులట. ఇప్పుడు కొసలన్నీ మాడి, ముట్టుకుంటే పొడి రాలుతోంది.

"మా ఆయన చివరిసారిగా ఇంటికి తెచ్చిన వస్తువు ఇదే. ఆయన పోయాక పదకొండేళ్లు నా చేతుల మీద పెంచాను. ఇది చచ్చిపోతే ఈ ఇంట్లో నాకింకేం లేదు. మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతాను," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. తలుపు పక్కన సర్దిన సూట్‌కేసు కనిపించింది.

"ఎవరి మీదైనా అనుమానం?" అన్నాడు బావ.

ఆమె వంటగది వైపు చూశారు. అక్కడ ఆవిడ కోడలు గిన్నెలు తుడుస్తోంది. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది.

బావ టేపు తీసి ముందు కుండీని, తర్వాత స్టూలును, ఎందుకో నన్ను కూడా కొలిచాడు. తర్వాత ఒక ఆకును తిరగేసి భూతద్దం పెట్టాడు. ఆకు వెనక గోధుమరంగు చుక్కలు, పాపిడి తీసినట్టు రెండు వరసల్లో ఉన్నాయి.

"సూది పోట్లు. విషం ఎక్కించారు. అమ్మా, మీరేం పని చేస్తుంటారు?" అని కోడల్ని అడిగాడు.

"పళ్ల డాక్టర్ని."

"సూదులు వాడతారా?"

"పళ్లు పీకేముందు వాడతాం కదండీ."

బావ నా వైపు విజయగర్వంతో చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"అవి పోట్లు కాదండీ. ఫెర్న్‌కి పూలూ కాయలూ ఉండవు. ఆ చుక్కల్లో ఉండే పొడి నుంచే కొత్త మొక్కలు పుడతాయి," అంది కోడలు.

"మొక్క గురించి ఇంత తెలిసినవాళ్లకే దాన్ని చంపడమూ తెలుస్తుంది," అన్నాడు బావ. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ క్షణంలో ఆయన మా అక్క మొగుడు కాకపోయి ఉంటే ఏం చేసేవాణ్నో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే బావ సోఫా వెనక మాటు వేశాడు, నన్నూ వేయించాడు. ఆరు గంటలకు కోడలు చప్పుడు కాకుండా వచ్చి, మొక్క మీద ఒక సీసాతో ఏదో చిమ్మింది. బావ లేచి సీసా లాక్కుని, సాక్ష్యాన్ని పరీక్షిస్తానంటూ రెండు గుక్కలు తాగాడు.

"నీళ్లే," అన్నాడు నిరాశగా.

"ఆకులు తడిగా ఉంటే బతుకుతుందేమోనని రోజూ చల్లుతున్నాను. నేను ముట్టుకుంటే అత్తయ్యకి నచ్చదని చెప్పలేదు," అంది కోడలు.

గది గుమ్మంలో హెడ్మిస్ట్రెస్ గారు నిలబడి ఉన్నారు. ఏదో అనబోయి ఆగిపోయారు.

బావ మాత్రం ఆగలేదు. "హంతకుడు మళ్లీ వస్తాడు. బాధితురాలిని కట్టుదిట్టమైన చోటికి తరలించాలి," అని ఇంట్లో తలుపులన్నీ లాగి చూశాడు. గట్టి గడియ ఉన్నది బాత్రూమ్‌కి ఒక్కదానికే. కుండీని తీసుకెళ్లి అక్కడి కిటికీ గట్టు మీద పెట్టాడు. స్నానానికి వెళ్లేవాళ్లు ముందు జేబులు చూపించాలన్నాడు. స్నానానికి వెళ్లేవాళ్లకు జేబులెక్కడివని నేను అడగలేదు.

పన్నెండు రోజుల తర్వాత అందరినీ హాల్లో సమావేశపరిచాడు. బాధితురాలి సమక్షంలోనే దోషి పేరు బయటపెడతానని కుండీని తెప్పించి పాత స్టూలు మీద పెట్టించాడు. మొక్కను చూసి మేమంతా నోరు తెరిచాం. మధ్యలో ఆరు లేత చిగుళ్లు, చుట్టలు చుట్టుకుని, పచ్చగా లేచాయి.

బావ జేబులోంచి అంటించిన కవరు తీశాడు. "దోషి పేరు ఇందులో ఉంది. కానీ ముందుగా, నా పద్ధతి గురించి నాలుగు మాటలు."

ఆ నాలుగు మాటలు గంటా పది నిమిషాలు సాగాయి. ఆయన బాల్యం దాటి యవ్వనంలోకి వచ్చేసరికి హెడ్మిస్ట్రెస్ గారికి దగ్గు తెర వచ్చింది.

"కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మా. ఇక్కడ కూర్చుంటే ఆ ఏసీ గాలికి గొంతు ఎండిపోతోంది," అన్నారు.

గ్లాసు అందించబోయిన కోడలు అలాగే ఆగి పైకి చూసింది. ఏసీ గాలి సూటిగా స్టూలు మీదికే వస్తోంది. లేత చిగుళ్లు అప్పుడే వడిలి పక్కకు వాలుతున్నాయి.

"అత్తయ్యా, ఏసీ పెట్టించి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు," అన్నారామె. 

"దీనికి తేమ కావాలి. బాత్రూమ్‌లో మన వేడినీళ్ల ఆవిరికే కోలుకుంది," అంది కోడలు.

"నేను చెప్పబోయిందీ అదే," అన్నాడు బావ కవరు జేబులో పెట్టేసుకుంటూ.

హెడ్మిస్ట్రెస్ గారు కుండీ ఎత్తి కోడలి చేతుల్లో పెట్టారు. "నువ్వే తీసుకెళ్లి పెట్టు. రోజూ ఎలా చల్లుతున్నావో నాకూ చూపించు," అన్నారు. తర్వాత సూట్‌కేసును తానే లోపలికి ఈడ్చుకెళ్లారు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు నేను నడుపుతున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక్కి చెయ్యి పెట్టి బావ జేబులోంచి కవరు లాగి చింపాను. లోపల చీటీలో నా పేరుంది.

"అదేంటి బావా?"

"ఏం చెయ్యమంటావు? నేను నేరస్థలానికి వెళ్లిన ప్రతిసారీ అక్కడ నువ్వున్నావు," అన్నాడు బావ బాధగా.