మేకల దొన కోసం మహా పర్వతారోహణ

ఒక పెద్ద అడవిలో ఎవరికీ పెద్దగా పని లేదు గానీ, సేవ చేయాలన్న ఉబలాటం మాత్రం అందరికీ ఉండేది. అందుకని ఏటి ఒడ్డున నీడ బాగున్న రేవు ఒకటి చూసి, చుట్టూ కంచె కట్టుకుని ఒక సేవా సంఘం పెట్టుకున్నారు. దానికి అధ్యక్షుడు వీరభద్రం అనే నక్క. ఆయన ఎవరికేం చేశాడని అడిగితే చెప్పడం కష్టం. మెడలో ఎన్ని దండలు పడ్డాయని అడిగితే మాత్రం ఆయనే చెప్తాడు.

అడవి చివర నల్లగుట్ట అని ఒక కొండ. దాని మీద మేకల మంద కాపురముంటోంది. మందకి పెద్ద పుల్లమ్మ. గుట్ట మీద బండ మధ్యలో ఊట నీళ్లు నిలిచే గుంట ఒకటుంది, దాన్ని దొన అంటారు. మందంతా ఆ దొన మీదే బతుకుతోంది. ఆ వేసవిలో పక్క గట్టు నుంచి పెద్ద రాయొకటి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఊట మీదే కూర్చుంది. ఊట ఆగిపోయింది. ఉన్న నీళ్లు అడుగంటుతున్నాయి.

పుల్లమ్మ కూతురు అప్పుడే ఈనింది. రెండు పిల్లలు. తల్లికి నీళ్లు లేకపోతే పాలు పడవు, పాలు లేకపోతే పిల్లలు దక్కవు. పుల్లమ్మకి కంటి మీద కునుకు లేకుండా పోయింది. మందంతా కలిసి కొమ్ములు అరిగేలా నెట్టినా రాయి ఇసుమంతైనా కదల్లేదు. ఇక లాభం లేదనుకుని గుట్ట దిగి, ఏనుగు భీమేశం దగ్గరకి వెళ్లి, పెద్దయ్యా, ఒక్కసారి వచ్చి ఆ రాయి పక్కకి లాగి పుణ్యం కట్టుకో అని బతిమాలింది.

భీమేశం మనసు మంచిదే. దానికేం భాగ్యం, రేపు పొద్దున్నే వస్తానన్నాడు. కాకపోతే అప్పుడు పక్కనే వీరభద్రం ఉన్నాడు. అదీ పుల్లమ్మ ఖర్మ.

"చెప్పాపెట్టకుండా వెళ్లి రాయి లాగేస్తే ఎలాగండీ?" అన్నాడు నక్క. "ఎవరికి తెలుస్తుంది? సేవకి ఒక పద్ధతుంది. ముందు అవగాహన రావాలి. తర్వాత నిధులు రావాలి. రాయిదేముంది, ఎక్కడికీ పోదు."

అది ఎక్కడికీ పోదనే కదా నా ఏడుపు, అనుకుంది పుల్లమ్మ. పెద్దవాళ్ల మాటకి అడ్డు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు.

సాయంత్రానికల్లా సంఘం సమావేశమై తీర్మానం చేసేసింది. సభ్యులంతా కలిసి నల్లగుట్ట ఎక్కాలి. వాళ్లు పడే ఆ కష్టాన్ని చూసి అడవంతా కరిగిపోయి చందాలు ఇవ్వాలి. కార్యదర్శి నెమలి ఇందుమతి దగ్గరుండి ఫ్లెక్సీ గీయించింది. అందులో వీరభద్రం బొమ్మ, తన బొమ్మ, కోశాధికారి జాంబయ్య అనే ఎలుగుబంటి బొమ్మ, ముఖ్య అతిథి భీమేశం బొమ్మ పడేసరికి మేకకి చోటు చాల్లేదు.

పుల్లమ్మకి ఒక్క అనుమానం వచ్చింది. "ఆ గుట్ట మేం రోజూ ఎక్కి దిగుతూనే ఉన్నాం కదయ్యా. మాకెవరూ ఏమీ ఇవ్వలేదే?"

"మీరు ఎక్కేది ఇంటికి వెళ్లడానికమ్మా. మేం ఎక్కేది సేవకి," అన్నాడు వీరభద్రం ఓపిగ్గా.

చందాలు బాగానే వచ్చాయి. జొన్నలు, దుంపలు, పళ్లు, తేనె. పాపం, కుందేళ్లు తాము తినేది కూడా తెచ్చి ఇచ్చాయి. ఇక మేకలకి చేతినిండా పని దొరికింది. దారి చూపించాలి, మూటలు మోయాలి, అలసినవాళ్లకి విసరాలి, మళ్లీ అందరికంటే ముందు పైకి పరుగెత్తి దండలతో స్వాగతం చెప్పాలి. దండలకి ఆకులు కావాలి కదా, గుట్ట మీద మిగిలిన నాలుగు పచ్చని కొమ్మలూ వాటికే అయిపోయాయి.

ఆ ఎక్కడం ఒక ఎక్కడమా చెప్పండి! ప్రతి మలుపులోనూ ఇందుమతి ఆగి పురి విప్పేది, అందరూ చూసేదాకా మూసేది కాదు. జాంబయ్య మూటలు విప్పించి, ఒంట్లో శక్తి లేకపోతే సేవ ఎలా జరుగుతుందని తేనె నాకేవాడు. ఒకరు తింటుంటే మిగతావాళ్లు చూస్తూ ఊరుకుంటారా? గుట్ట సగం ఎక్కేసరికి చందాల మూటలన్నీ ఖాళీ. మేకలకి బరువు తగ్గిందని జాంబయ్య సంతోషించాడు కూడా.

తల ప్రాణం తోకకి వచ్చేసరికి శిఖరం వచ్చింది. ఎదురుగా దొన, అందులో తళతళలాడుతూ కాసిని నీళ్లు. పుల్లమ్మ అడ్డంగా నిలబడి, బాలింత ఉందయ్యా, గుక్కెడు గుక్కెడు తాగండి అని మొత్తుకుంది. వినేవాడెవడు? అంత తేనె నాకి, అంత ఎండలో ఎక్కినవాళ్లకి గుక్కెడు ఏ మూలకి? భీమేశం తొండం పెట్టి ఒక్క పీల్పు పీల్చాడు. పీల్చాక గానీ అడుగు కనబడిన సంగతి ఆయనకి తెలియలేదు.

వీరభద్రం మూతి తుడుచుకుని, ఉపన్యాసానికి ఎత్తయిన చోటు కోసం అటూ ఇటూ చూసి, ఊట మీద పడ్డ ఆ రాయే ఎక్కాడు. పుల్లమ్మ భీమేశం కాళ్ల దగ్గరకి వెళ్లి, ఎలాగూ వచ్చావు కదా పెద్దయ్యా, ఆ రాయి కాస్త లాగు అంది. సిగ్గుతో చితికిపోతున్న ఏనుగు వెంటనే తొండం చాచాడు.

"ఆగండాగండి," అన్నాడు వీరభద్రం. "ఇవాళ్టి కార్యక్రమంలో అది లేదు. నిధుల సంగతి తేలాలి. పైగా నేను దీని మీద నిలబడి ఉన్నాను."

భీమేశం తొండం వెనక్కి తీసుకున్నాడు. సభలో ఎలా ఉండాలో తెలిసినవాడు మరి.

అప్పుడు నక్క గొంతు సవరించుకున్నాడు. దాహమంటే ఏమిటో ఇవాళ కళ్లారా చూశామన్నాడు. దొనలో చుక్క నీరు లేదు, ఎంత దారుణమో చూడండన్నాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "పుల్లమ్మా, ఇకనుంచి మీ దాహం మా దాహం. మా రేవు మీ రేవు," అన్నాడు. చప్పట్లతో గుట్ట దద్దరిల్లింది.

పుల్లమ్మ వెనక్కి తిరిగి చూసింది. కూతురు దొనలోకి దిగి తడి రాయిని నాకుతోంది. పిల్లలు రెండూ ఎండిన పొదుగు కుమ్మి కుమ్మి పడిపోయాయి. బతుకంతా అణిచిపెట్టుకున్న కోపం ఒక్కసారే పైకి వచ్చింది.

"అయ్యా, ఆ చివరి మాట ఇంకోసారి అనండి. వెనకున్నవాళ్లకి వినబడలేదంట," అంది.

వీరభద్రం పొంగిపోయి ఇంకా గట్టిగా అన్నాడు. అడవంతా విన్నది.

దండల కార్యక్రమం ఇంకా అవలేదు, పుల్లమ్మ పిల్లలిద్దరినీ వీపు మీదకి ఎక్కించుకోమని భీమేశానికి చెప్పి, మందని వెంటేసుకుని గుట్ట దిగడం మొదలుపెట్టింది. ఆ సిగ్గులో ఏనుగు కాదనలేకపోయాడు. పుల్లమ్మ తిన్నగా సంఘం వారి రేవుకి వెళ్లి, కూతురికి కడుపునిండా నీళ్లు తాగించి, అక్కడే చతికిలబడింది. మంద కూడా చతికిలబడింది.

మేకలు కదా, ఊరికే కూర్చుంటాయా. మర్నాటికి సంఘం వారి కంచె లేదు. మూడో నాటికి దండలకని పెంచుకున్న పూలతోట లేదు. ఫ్లెక్సీ కూడా ఎవరో నమిలేశారు. ఇందుమతి పురి విప్పడానికి జాగా లేక లబోదిబోమంది. వీరభద్రం వచ్చి, ఉపన్యాసంలో మాటలు వేరు, ఇళ్లూ వాకిళ్లూ వేరు అని మెల్లగా చెప్పబోయాడు.

"పిలవని పేరంటానికి రాలేదయ్యా. రెండుసార్లు పిలిస్తే వచ్చాం," అంది పుల్లమ్మ నెమరేస్తూ. పక్కన పిల్లలు రెండూ చప్పరిస్తూ పాలు తాగుతున్నాయి.

ఆ మధ్యాహ్నమే నల్లగుట్ట మీద రాయి కదిలింది. ఫ్లెక్సీ లేదు, దండలు లేవు, తీర్మానం లేదు, నిధుల మాటే ఎవరూ ఎత్తలేదు. భీమేశం ముందు నుంచి లాగితే, జాంబయ్య పక్క నుంచి తోశాడు. వెనక నుంచి రొప్పుతూ రోజుతూ భుజం ఆనించి నెట్టినవాడు స్వయంగా అధ్యక్షుడు వీరభద్రం. ఆయన జన్మలో చేసిన సేవ అదొక్కటే, అదీ ఎవరికీ చెప్పొద్దని అందరినీ బతిమాలుకున్నాడు.

నీతి: సాయం కావాలంటే కష్టం వెళ్లబోసుకోకూడదు, దాన్ని పట్టుకెళ్లి సాయం చేసేవాడి వాకిట్లో కట్టేయాలి.