ఎర్రజెండా చేలో అవగాహన సభ

ఒక పెద్ద అడవిలో జంతువులన్నింటికీ ఒక పాలకమండలి, ఆ మండలికి ఒక అలసంద చేను ఉండేవి. చేనికి పేనుబంక పట్టింది. మండలివారు పురుగుమందు కొట్టించి, గట్టున ఎర్రజెండా పాతారు. మూడు రోజులు ఎవరూ చేలోకి దిగకూడదు. వారం దాకా కాయ కోయకూడదు.

ఆ సాయంత్రమే కార్యదర్శి కొండముచ్చు చాటింపు వేయించాడు. "మందు కొట్టాక తీసుకోవలసిన జాగ్రత్తల మీద రేపు అవగాహన సభ! స్థలం, మందు కొట్టిన చేను! వాగవతలి హాస్టల్ పిల్లలందరూ హాజరు కావాలి!"

చాటింపు కుందేలమ్మ చెవిన పడింది. ఆమె ముగ్గురు పిల్లలూ ఆ హాస్టల్లోనే ఉన్నారు. తిన్నారా, చేతులు కడుక్కున్నారా అని రోజుకు రెండుసార్లు పిచ్చుకతో కబురంపే తల్లి ఆమె. ఒక్క పరుగున కొండముచ్చు దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, మందింకా ఆకుల మీద తడారలేదు. సభేదో మైదానంలో పెట్టుకోకూడదా?"

"మైదానంలో ఎర్రజెండా లేదు కదమ్మా! ఫొటోలో ఏం పడుతుంది?"

"జెండాను అక్కడికి తెచ్చుకోండి."

"అమ్మమ్మా! ప్రమాదమున్న చోటు నుంచి జెండా కదపకూడదు. రూల్సు ఒప్పుకోవు."

"మరి పిల్లల్నెందుకు దింపడం?"

"వాళ్లు లేకపోతే చప్పట్లెవరు కొడతారు, నువ్వా?"

మర్నాడు తెల్లారేసరికి కుందేలమ్మ గట్టు మీదుంది. పిల్లలు వరసగా వచ్చారు. వెనకే అధ్యక్షుడు ఎలుగుబంటి వేంచేశాడు. కుందేలమ్మ చేతులు జోడించింది.

"దొరగారూ, తమరింకా ఆసీనులే కాలేదు. ఈ పిల్లకాయలు ముందుగా లోపలికెళ్లి కూర్చుంటే ఏం మర్యాద? తమ సన్మానం, ప్రసంగం కానివ్వండి. అందాకా వీళ్లు దూరంగా నిలబడే ఉంటారు."

ఎలుగుబంటి పొంగిపోయాడు. "చూశావుటయ్యా కొండముచ్చూ, పద్ధతి తెలిసిన ఇల్లాలు!"

పెద్దలిద్దరూ చేలోకి దిగారు. దండలు, శాలువాలు అయ్యాయి. "కాయ కోయరాదు!" అంటూ అధ్యక్షుడు కోయరానిదేదో చూపించడానికి ఒక కాయ కోశాడు. "ముట్టిన చేత్తో మొహం తాకరాదు!" అంటూ అదే చేత్తో చెమట తుడుచుకున్నాడు.

మూడో జాగ్రత్త దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్లు భగ్గుమన్నాయి. కొండముచ్చుకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి.

"నీళ్లు! సబ్బు!" అంటూ ఇద్దరూ శాలువాలు విసిరేసి వాగులో దూకారు.

అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని పిల్లలు చప్పట్లు మోగించారు. కుందేలమ్మ తన ముగ్గురినీ లెక్కపెట్టుకుని, "సరే సరే, వాగుకు ఎగువన చేతులు కడుక్కుందురు, పదండి" అంది.

నీతి: జాగ్రత్తలు చెప్పేవాళ్లకు అవి వర్తించవు, పాపం, పురుగుమందుకే ఆ సంగతి తెలియదు.